అరకుతో ఆగకండి: కొత్తవలస నుంచి కిరండూల్ దాకా



చలికాలం వస్తే చాలు, మన ఫోన్లలో ఒకటే రైలు తిరుగుతుంది. అద్దాల బోగీ, సొరంగం, లోయలో మంచు, వెనకాల ఏదో సినిమా పాట. ఈరోజు నేను మాట్లాడేది ఆ రైలు గురించే. వెళ్ళొద్దని చెప్పడానికి రాలేదు. వెళ్ళండి. ఆ మాటకొస్తే అందరూ దిగిపోయే అరకులో దిగిపోకుండా ఇంకా ముందుకి వెళ్ళండి. కాకపోతే కిటికీలోంచి మీకు "సీనరీ"గా కనపడేది ఒకరి చేను, ఒకరి శ్మశానం, ఒకరి దేవత ఉండే చోటు. అది తెలిసి చూస్తే ఆ ప్రయాణం ఇంకోలా ఉంటుంది. ఆ సంగతే స్టేషన్ స్టేషన్‌కీ ఆగి చెప్తాను.

ముందు లైను సంగతి. దీని అసలు పేరు కొత్తవలస–కిరండూల్ లైను. రైల్వే వాళ్ళు కేకే లైను అంటారు. పొడవు దాదాపు 445 కిలోమీటర్లు. ఆంధ్రలో మొదలై, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా దాటి, ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ అడవుల చివర ఆగుతుంది. 1960లలో జపాన్ సాయంతో వేశారు. ఎందుకు వేశారు? మనం అరకు చూడ్డానికి కాదు, అరకు వాళ్ళు విశాఖ ఆసుపత్రికి వెళ్ళడానికీ కాదు. బైలదిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి, ఓడల్లో జపాన్ ఉక్కు మిల్లులకి పంపడానికి. ఖనిజం ఈ లైనుకి ఇంటి యజమాని. ప్రయాణికుల రైలు తర్వాత వచ్చిన చుట్టం.

ఇది మీకు గంటలోపే అర్థమవుతుంది. చిన్న స్టేషన్లో మీ రైలుని పక్క లైనులో నిలబెడతారు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఎవరూ ఏమీ చెప్పరు. కాసేపటికి పైనుంచి ఎర్రటి దుమ్ము కొట్టుకున్న వ్యాగన్లు వరసగా దిగుతాయి, లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగొస్తుంది. అవి పోయాక మనకి సిగ్నల్. రెండో లైను పనులు జరుగుతున్నాయి కాబట్టి ముందు ముందు ఈ ఎదురుచూపు తగ్గొచ్చు. ఈలోపు ఆ నిమిషాల్ని తిట్టుకోకండి. ఈ దారిలో నాకు నచ్చేవి అవే. ప్లాట్‌ఫాం మీదకి దిగొచ్చు, కొండ గాలి పీల్చొచ్చు, బుట్టలతో కూర్చున్న అమ్మల దగ్గర సీతాఫలాలో, జామకాయలో, పనస తొనలో కొనొచ్చు.

కొనేటప్పుడు ఒక్క మాట. అరవై ఏళ్ళ ఆవిడని "ఏయ్, ఎంతకిస్తావ్?" అని అడిగే వాళ్ళని ప్రతిసారీ చూస్తున్నాను. ఆ మనిషే విశాఖలో షాపుకెళ్తే "మేడమ్, ఎంతండీ" అంటాడు. "అమ్మా, ఎంతకిస్తారు?" అనండి చాలు. బేరం కూడా మరీ ఆడకండి. ఆ బుట్ట కొండ మీంచి నెత్తిన మోసుకొచ్చింది.

ఏ బోగీ ఎక్కాలి అని అడుగుతారు. అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ 2017 ఏప్రిల్‌లో మొదలైంది. డబ్బుంటే ఒకవైపు దాన్లో వెళ్ళండి, తప్పేం లేదు. రెండోవైపు మాత్రం కిరండూల్ పాసింజర్‌లో మామూలు బోగీ ఎక్కండి. సంతకి పోయే వాళ్ళు, ఆశ్రమ పాఠశాల పిల్లలు, అడ్డాకుల కట్టలు, కొండ చీపుర్లు, పసుపు మూటలు అన్నీ అక్కడుంటాయి. తెలుగు, ఆదివాసీ ఒరియా, కువి మూడూ ఒకే సీటు మీద వినిపిస్తాయి. అద్దాల బోగీలో ఇంకో అద్దాల బోగీ మనిషే కనిపిస్తాడు.

సరే, బయల్దేరదాం. కొత్తవలస దాటాక మైదానమే. మామిడి తోటలు, జీడి తోటలు. లక్కవరపుకోట, తర్వాత శృంగవరపుకోట. ఎస్.కోట అంటే అందరికీ తెలుస్తుంది. చాలామందికి అది అరకు రోడ్డు మీద టిఫిన్ చేసే ఊరు. కొండల వాళ్ళకి మాత్రం అది ఉప్పు, బట్టలు, ఎరువులు కొనుక్కునే ఊరు. పక్కనే పుణ్యగిరి ఉంది, శివరాత్రికి జనం కిక్కిరిసిపోతారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. ఈ మండలంలో కొండల మీద కూడా ఆదివాసీ ఊళ్ళున్నాయి. అవి షెడ్యూల్డ్ ప్రాంతం గీతకి బయట ఉన్నాయి. అంటే 1/70 చట్టం వాళ్ళ భూమికి కాపలా లేదు. అదే తెగ, అదే భాష, చుట్టరికాలూ ఉన్నాయి. గీతకి అటున్న మేనమామ భూమికి రక్షణ ఉంది, ఇటున్న మేనల్లుడి భూమికి లేదు. రైల్లో వెళ్తుంటే ఆ గీత కనపడదు.

తర్వాత బొడ్డవర. కొండ ఎక్కడం ఇక్కణ్నుంచే. ఈ ఊరి దగ్గర అల్యూమినా కర్మాగారం పెడతామని 2007 ఆ ప్రాంతంలో పెద్ద ఎత్తున భూమి తీసుకున్నారు. అరకు, అనంతగిరి కొండల బాక్సైట్ తెచ్చి ఇక్కడ శుద్ధి చేద్దామన్నది ప్లాను. కొండల మీద జనం ఒప్పుకోలేదు, బాక్సైట్ దిగలేదు, కర్మాగారం రాలేదు. ఆ ప్లానులో ఉన్న కొండల్లో గాలికొండ ఒకటి. మీరు రోడ్డు మీద వెళ్తే గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కారాపి ఫొటో దిగుతారే, ఆ గాలికొండే. ఆ ఫొటోలో వెనకాల కొండ ఇంకా ఉందంటే దానంతట అదే ఉండిపోలేదు.

శివలింగపురం, టైడ, చిమిడిపల్లి. ఇక్కడ నేను పెద్దగా మాట్లాడను, మీరు కిటికీ దగ్గరే ఉండండి. లైను మొత్తమ్మీద 58 సొరంగాలని చెప్తారు. పిల్లలు లెక్క మొదలుపెట్టి పదిహేను దగ్గరో ఇరవై దగ్గరో తప్పిపోతారు, పెద్దవాళ్ళు కూడా. వానాకాలంలో అయితే ప్రతి మలుపులోనూ నీటి ధార. అదే వానలకి కొండచరియలు విరిగిపడి లైను మూతపడిన ఏళ్ళూ ఉన్నాయి. గ్యాంగ్‌మన్ల గుడిసెలు చూడండి. రాత్రి టార్చి పట్టుకుని పట్టాల వెంట నడిచే వాళ్ళ మీదే ఈ అందమంతా నడుస్తోంది.

ఆ వాలుల్లో అక్కడక్కడ నల్లగా కాలిన మడులు కనిపిస్తాయి. బోగీలో ఎవరో ఒకరు "అడవిని నాశనం చేస్తున్నారండీ వీళ్ళు" అంటారు. నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. అది పోడు. చోళ్ళు, సామలు, కందులు, అలసందలు ఒకే చెక్కలో కలిపి వేస్తారు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికొస్తుంది. ఆ చెక్కల్లో చాలావాటికి 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలున్నాయి. ఇంకా చాలావాటికి రావాల్సి ఉంది. అదే బోగీలో కూర్చుని, ఈ కొండని తొలిచి 58 సొరంగాలు చేసిందెవరని మాత్రం ఎవరూ అడగరు.

ఇప్పుడు బొర్రా గుహలు. ఇక్కడ దిగండి. నా మాట విని తొందరపడకుండా ఒక పూట ఉండండి.

గుహ గురించి మీకు కొంత తెలిసే ఉంటుంది. సున్నపురాయి గుహ. గోస్తనీ నది దీన్ని లక్షల ఏళ్ళుగా తొలిచింది. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే బ్రిటిష్ ఆయన "కనుగొన్నాడు" అని రాస్తారు. ఊళ్ళో చెప్పే కథలో మాత్రం ఆవుని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి ముందే దొరికింది. ఆ కాపరి పేరు బోర్డు మీద లేదు. గుహ పైనుంచే మన రైలు పోతుంది. గోస్తనీ ఇక్కణ్నుంచి కిందికి దిగి తాటిపూడి రిజర్వాయరు చేరుతుంది. ఆ నీళ్ళు విశాఖ నగరానికి తాగునీరు. విశాఖ నుంచి వచ్చిన వాళ్ళకి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్తాను: మీ కుళాయి ఇక్కడ మొదలవుతోంది.

గుహ బయట మెట్ల మీద కూర్చుని ఇంకో సంగతి గుర్తు తెచ్చుకోండి. భారతదేశంలో ఆదివాసీ భూమి గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన అతి ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి ఈ ఊళ్ళ నుంచే మొదలైంది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళు. అక్కడి భూముల్ని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకిచ్చింది. ఆ ఊళ్ళ తరఫున సమత సంస్థ కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టులో ఓడిపోయారు. వదల్లేదు. 1997 జులై 11న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదలాయించకూడదు అన్న నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది, కాబట్టి ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదు అని. గని తవ్వాల్సి వస్తే ప్రభుత్వ సంస్థో ఆదివాసీల సహకార సంఘమో తవ్వాలి, నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అభివృద్ధికి పక్కన పెట్టాలి అని కూడా అంది.

లా కాలేజీల్లో సమత తీర్పుని చదువుతారు. దేశంలో ఎక్కడ భూమి తగువొచ్చినా దాన్నే ఎత్తి చూపిస్తారు. అలాంటి తీర్పు పుట్టిన ఊరికి ఏటా లక్షల మంది వచ్చి, గుహలో రంగు లైట్ల కింద ఫొటోలు దిగి, బొంగు చికెన్ తిని వెళ్ళిపోతారు. ఆ ఊరి పేరు చట్టంలో ఉందని ఒక్క బోర్డు కూడా చెప్పదు. ఉంటే బాగుండేది అనుకుంటాను. ఇనుప గేటు దగ్గర, టికెట్ కౌంటర్ పక్కన, తెలుగులో ఒకటి, ఆదివాసీ ఒరియాలో ఒకటి.

టికెట్ అన్నాను కాబట్టి అడుగుతున్నాను. గనికి 20 శాతం వాటా న్యాయమైతే, గుహకి ఎంత న్యాయం? గని కొండని తినేస్తుంది. గుహ ఏటా అలాగే ఉండి డబ్బిస్తుంది. టికెట్ డబ్బులో ఊరికి ఎంత చేరుతోంది అని కౌంటర్లో మర్యాదగా అడగండి. ఒకరు అడిగితే నవ్వుతారు. రోజుకి వందమంది అడిగితే జవాబు సిద్ధం చేసుకోవాల్సి వస్తుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఊరి కుర్రాణ్ని గైడుగా పెట్టుకోండి. కటికి జలపాతానికి వెళ్తే ఊరి జీపే ఎక్కండి. ఆ డబ్బు మాత్రం లెక్కా పత్రం లేకుండానే ఊళ్ళోకి చేరుతుంది.

మళ్ళీ రైలెక్కితే కరకవలస. ఆ పేరులో నాకు కరక్కాయ చెట్టు వినిపిస్తుంది. వలస అంటే వచ్చి నిలిచిన ఊరు. ఈ లైను మీద పేర్లు చదువుకుంటూ పోతే అదో పాఠం. కిందంతా వలసలు, కోటలు. పైకెక్కేకొద్దీ గూడలు. ఇంకా ముందుకెళ్తే పుట్‌లు. భాష మారుతోందని స్టేషన్ బోర్డే చెప్తుంది.

శిమిలిగూడ దగ్గర బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు అని ఉంటుంది. దేశంలోనే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాం. కాశ్మీర్ లోయలో రైలు వచ్చాక ఆ గొప్ప పోయింది. శిమిలిగూడలో చలి మాత్రం అలాగే ఉంది.

అరకు. ఇక్కడ బోగీ సగం ఖాళీ అవుతుంది. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, కాఫీ. పద్మాపురం తోటని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టారు. కాఫీ గురించి ఒక్క మాట. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన ఎకరం, రెండెకరాల చెక్కల్లో ఆదివాసీ కుటుంబాలు పండిస్తున్న పంట అది. కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో రైతు సంఘాల దగ్గరో కొనండి. అందమైన డబ్బాలో ఏముందో కాదు, డబ్బా మీద ఎవరి పేరుందో చూడండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్తే లోయంతా వలిసె పూలు. పసుపు పచ్చగా, కళ్ళు చెదిరేలా ఉంటాయి. అవి పూల తోటలు కావు, నూనెగింజ పంట. గింజ పట్టాక ఆడిస్తే ఆ ఇంటికి నూనె, అమ్మితే డబ్బు. ఇప్పుడు కొందరు రైతులు చేలో దిగి ఫొటో తీసుకుంటే కొంత డబ్బు అడుగుతున్నారు. దాని మీద సోషల్ మీడియాలో ఎంత గోల! "గిరిజనులు కూడా కమర్షియల్ అయిపోయారు" అని. మీ కోనసీమ వరి చేలోకి నలభై మంది దిగి పైరు తొక్కి, సెల్ఫీలు దిగి పోతే మీరేమంటారు? పడిపోయిన మొక్క గింజ కట్టదు. ఇచ్చేయండి ఆ డబ్బు. గట్టు మీదే నిలబడితే ఇంకా మంచిది.

రాత్రికి ఉండాలి కదా. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ భూమి ఆదివాసీ నుంచి ఆదివాసీకే మారాలి. గిరిజనేతరుల మధ్య కూడా కొనడం, అమ్మడం కుదరదు. మరి ఈ రిసార్టులన్నీ ఎలా లేచాయి? కొన్ని ప్రభుత్వానివి, కొన్ని ఆదివాసీ కుటుంబాలవి. మరికొన్నింట్లో బోర్డు మీద పేరొకరిది, పెట్టుబడి ఇంకొకరిది. గది తీసుకునే ముందు ఓనరు ఎవరని అడగడం మీ హక్కు. పెరట్లో రెండు గదులు కట్టుకుని హోమ్‌స్టే నడుపుతున్న ఆదివాసీ ఇళ్ళున్నాయి. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు, రాత్రి చోడి అంబలి అడిగితే పోస్తారు. సంత ఏ రోజో, ఏ ఊళ్ళోనో ఆ ఇంట్లోనే అడగండి. సంతరోజు దొరికిందా, మీ అదృష్టం.

అరకు తర్వాత గోరాపూర్, దార్లిపుట్, ఆపైన పాడువ. ఒడిశా వచ్చేసినట్టే. ఇక్కణ్నుంచి టూరిస్టులు కనపడరు, కొండలు మాత్రం తగ్గవు. మాచ్‌ఖండ్ రోడ్ అనే స్టేషన్ వస్తుంది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం పేరు అది. రెండు రాష్ట్రాలు కరెంటు పంచుకున్నాయి. జలాపుట్ నీళ్ళ కింద ఊళ్ళు పోయిన గదబ, పరజ కుటుంబాలు ఆ లెక్కలో ఎక్కడా లేవు.

ఇంకో ముక్క. 2025లో రైల్వే డివిజన్లు విడదీసినప్పుడు ఈ కొత్తవలస లైను రాయగడ డివిజన్‌కి వెళ్ళింది. ఖనిజం ఆదాయం ఏ జోన్‌ది అన్న గొడవ పేపర్లలో చాలా నడిచింది. చిన్న స్టేషన్లో నీళ్ళ కుళాయి ఎవరు పెట్టాలి అన్న గొడవ మాత్రం నడవలేదు.

కొరాపుట్‌లో దిగితే గిరిజన మ్యూజియం చూడొచ్చు. ఆ తర్వాత జయపురం, అంటే జేపూర్. ఇది వరి పుట్టిళ్ళలో ఒకటని శాస్త్రవేత్తలు అంటారు. కొరాపుట్ ఆదివాసీ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ ప్రాంతంగా గుర్తించింది. జయపురం వైపు పాత్రపుట్ అనే ఊళ్ళో కమల పూజారి అనే పరజ అమ్మ ఉండేవారు. పాత వరి రకాల విత్తనాలు దాచి, పంచి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో పోయారు. నేను చూసినంతలో ఈ లైను మీద వీడియోలు చేసేవాళ్ళలో ఆవిడ పేరెత్తిన వాళ్ళు లేరు. కిటికీ బయట వరి చేలు మాత్రం అన్ని వీడియోల్లోనూ ఉంటాయి.

జగదల్‌పూర్ దాటితే దంతెవాడ. దంతేశ్వరి గుడి దగ్గర శంఖిని, డంకిని నదులు కలుస్తాయి. గనుల ముద్ద వచ్చి పడి ఎర్రబారిన నీళ్ళ గురించి అక్కడి ఊళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాయి. ఆ తర్వాత బచేలి, చివరికి కిరండూల్. రెండూ గని ఊళ్ళు. క్వార్టర్లు, ఆసుపత్రి, పార్కు అన్నీ ఉంటాయి, టౌన్‌షిప్ గోడ దాకా. బైలదిలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. కొండ ఆకారం చూస్తే ఆ పేరు పెట్టిన వాళ్ళు ఎంత బాగా చూశారో తెలుస్తుంది. 1968లో ఇక్కడ తవ్వకం మొదలైంది.

ఆ కొండల్లో ఒకటి నందరాజ్ కొండ. చుట్టుపక్కల గోండు ఊళ్ళకి దేవుడు. గని కాగితాల్లో దాని పేరు 13వ డిపాజిట్. 2019 జూన్‌లో వేలమంది ఆదివాసీలు బియ్యం మూటలు, వంట గిన్నెలు పట్టుకుని నడిచొచ్చి కిరండూల్‌లో గని ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. గ్రామసభ పెట్టకుండానే పెట్టినట్టు రాశారన్నది వాళ్ళ మాట. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించి, ఆ గ్రామసభ మీద విచారణకి ఒప్పుకుంది. కిరండూల్‌లో రైలు దిగాక నందరాజ్ ఎటని ఎవర్నైనా అడగండి. చెయ్యెత్తి చూపిస్తారు.